డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు: స్కోరుకు మంచిదే, ఆ ఒక్క సెట్టింగ్ తప్ప

అందరికీ నమస్కారం. అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక మాట చెప్పాలి. ఈ రోజు నేను సమీక్షిస్తున్న కార్డును జారీ చేసిన బ్యాంకు ఈ వీడియోకు నాకు పారితోషికం ఇచ్చింది, మొదటి సంవత్సరం రుసుమును కూడా మినహాయించింది. కార్డుకు హామీగా పెట్టిన ఫిక్స్‌డ్ డిపాజిట్ సొమ్ము మాత్రం నాదే. విడుదలకు ముందు వీడియోను తమకు చూపించాలన్న షరతుకు నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో సగం వీడియో అయ్యేసరికి మీకే అర్థమవుతుంది. కార్డు పేరు, రుసుములు, పాయింట్ల పట్టిక కింది వివరణలో ఉన్నాయి, మీలో చాలామంది వాటిని ఇప్పటికే చూసే ఉంటారు కనుక మళ్లీ చదివి వినిపించను.

ఈ కార్డు ఎవరికోసమో ముందుగా చూద్దాం. విమానాశ్రయ లాంజ్‌లు, ప్రయాణ పాయింట్లు, క్యాష్‌బ్యాక్ ఇచ్చే రివార్డ్ కార్డు కోసం దరఖాస్తు చేసుకుని, తిరస్కరణ సందేశం అందుకుని, తమ తప్పేమిటో తెలియక నాకు రాసేవారు చాలామంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది చేసిన తప్పేమీ ఉండదు. మన దేశంలో అప్పులు తీర్చే తీరును బట్టి ఇచ్చే సిబిల్ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది, 750 దాటితే బ్యాంకులు సాధారణంగా మంచి స్కోరుగా పరిగణిస్తాయి. కానీ ఎన్నడూ అప్పు తీసుకోని వ్యక్తికి తక్కువ స్కోరు ఉండదు, అసలు స్కోరే ఉండదు. క్రెడిట్ నివేదికలో అంకె ఉండాల్సిన చోట అప్పుల చరిత్ర లేదని సూచించే ‘ఎన్‌హెచ్’ వంటి అక్షరాలు కనిపిస్తాయి. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అప్పు కోరేవారిని తిరస్కరించవద్దని రిజర్వు బ్యాంకు సూచించిన మాట నిజమే. అయితే ఎవరికి కార్డు ఇవ్వాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ బ్యాంకుకే ఉంది కనుక, ఖరీదైన రివార్డ్ కార్డు విషయంలో ఆ సూచన మీద ఆశ పెట్టుకుని కూర్చోవడం వల్ల ప్రయోజనం లేదు.

డిపాజిట్ కార్డు ఈ చిక్కును తేలికగా దాటిస్తుంది. మీరు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తారు, బ్యాంకు దానిపై తనకు హక్కు నమోదు చేసుకుని, అందులో 80 శాతమో 90 శాతమో, కొన్ని చోట్ల మొత్తమో లిమిట్‌గా ఇస్తుంది. జీతం పత్రాలు అడగదు కాబట్టి విద్యార్థులకు, గృహిణులకు, సొంతంగా పని చేసుకునేవారికి కూడా దొరుకుతుంది. డిపాజిట్‌పై వడ్డీ మామూలుగానే వస్తుంది, కార్డు ఉన్నంతకాలం ఆ డబ్బును వెనక్కి తీసుకోవడం మాత్రం కుదరదు. కాబట్టి అత్యవసరానికి దాచుకున్న సొమ్మును ఇక్కడ పెట్టకండి. ఆ డబ్బు అవసరమైన రోజునే అది చేతికి రాకుండా పోతుంది.

ఇలాంటి కార్డుతో నాకు పరిచయం కొత్తది కాదు. మా చెల్లెలు సొంతంగా డిజైన్ పనులు చేసుకుంటుంది, ఏ నెలా ఒకే ఆదాయం ఉండదు. ఆమె చరిత్ర కూడా వేరొక బ్యాంకు ఇచ్చిన డిపాజిట్ కార్డుతోనే మొదలైంది. అంతకు ముందు ఆమె వాడింది ఒక యాప్ ఇచ్చిన కార్డు. చూడటానికి అది క్రెడిట్ కార్డులాగే ఉండేది, లోపల మాత్రం అప్పు పరిమితి నుంచి డబ్బు నింపే ప్రీపెయిడ్ కార్డు. 2022 జూన్‌లో ప్రీపెయిడ్ సాధనాలను అప్పు పరిమితుల నుంచి నింపరాదని రిజర్వు బ్యాంకు చెప్పాక ఆ తరహా కార్డుల కథ ముగిసింది. పోయిన కార్డు గురించి ఇప్పుడెందుకంటే, ఆమె నివేదికలో అది ఒక కార్డుగా కాక, చిన్న చిన్న వ్యక్తిగత రుణాల వరుసగా కనిపించింది. కూరగాయలకు వాడిన డబ్బు కూడా రుణంగానే నమోదైంది. డిపాజిట్ కార్డు అలా కాదు. అది నివేదికలో సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు అన్న పేరుతో ఒకే ఖాతాగా ఉంటుంది, ప్రతి నెలా సకాలంలో చెల్లించారా లేదా అన్నది దాని కిందే చేరుతూ పోతుంది. రేపు రివార్డ్ కార్డు ఇచ్చే బ్యాంకు చూసేది ఆ వరుసనే.

ఇప్పుడు ఈ కార్డులో నాకు నిజంగా నచ్చిన అంశానికి వస్తాను. ప్రకటనలో ఎక్కడా దాన్ని గొప్పగా చెప్పలేదు కానీ, నా దృష్టిలో ఈ కార్డు విలువ అంతా అక్కడే ఉంది. యాప్ తెరవగానే లిమిట్‌లో ఎంత శాతం వాడుకున్నామో పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది, దాని కిందే, బిల్లు తయారు కాకముందే ఎంతైనా చెల్లించే వీలుంది, చెల్లించిన కొద్దిసేపటికే ఆ శాతం తగ్గుతుంది. ఇది చిన్న సౌకర్యంలా అనిపించవచ్చు. చిన్న లిమిట్‌తో మొదలుపెట్టేవారికి ఇంతకన్నా పనికొచ్చేది మరొకటి లేదు. లిమిట్‌లో వాడుకున్న భాగం ఎక్కువగా కనిపిస్తే, బిల్లు పూర్తిగా కట్టేవారికి కూడా స్కోరు తగ్గవచ్చు. 30 శాతం దాటకుండా చూసుకోమని అందరూ చెప్పే సలహా దీని గురించే. స్కోరు లెక్కించే క్రెడిట్ సమాచార సంస్థలకు బ్యాంకులు కనీసం పదిహేను రోజులకొకసారి సమాచారాన్ని పంపాలన్న నియమం 2025 జనవరి 1 నుంచి వచ్చింది, కాబట్టి సమాచారం పంపే రోజున ఉన్న స్థితే నివేదికకు చేరుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లిమిట్ 20,000 రూపాయలు, నెల మొదట్లోనే 15,000 ఖర్చు చేశారు. బ్యాంకు సమాచారం పంపే రోజున అలాగే ఉంటే 75 శాతం వాడుకున్నట్టు. మీ బిల్లు గడువు ఇంకా రాలేదు, మీరు ఎవరికీ బాకీ పడలేదు, అయినా చూసేవారికి అది అప్పుల్లో పీకల దాకా మునిగిన మనిషి లెక్కలాగే కనిపిస్తుంది. అదే ఆ రోజుకు ముందే 10,000 కట్టేస్తే మిగిలేది 5,000, అంటే 25 శాతం. ఖర్చు మారలేదు, ఆదాయం మారలేదు, కట్టిన రోజు మాత్రమే మారింది. నేను గతంలో వాడిన ఒక కార్డులో బిల్లు రాకముందు చెల్లించాలంటే నెట్ బ్యాంకింగ్‌లో లబ్ధిదారుగా కార్డు నంబరును చేర్చి, డబ్బు పంపి, అది ఎప్పుడు చేరుతుందో అని ఎదురుచూడాల్సి వచ్చేది. ఆ పాట్లు పడినవారికి ఈ బటన్ విలువ తెలుస్తుంది.

ఈ శాతం విషయంలోనే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇది రూపే కార్డు కనుక యూపీఐకి జోడించవచ్చు. వ్యక్తులకు డబ్బు పంపడం కుదరదు కానీ, దుకాణాల క్యూఆర్ కోడ్‌లన్నింటికీ దాదాపుగా పనిచేస్తుంది. సౌకర్యం గొప్పదే. కానీ టీ, ఆటో, మందులు, పాలు అన్నీ దీని మీదుగా పోవడం మొదలైతే చిన్న లిమిట్ మనకు తెలియకుండానే నిండిపోతుంది. నేను రెండు స్థిరమైన ఖర్చులను మాత్రమే దీనికి కట్టిపెట్టాను, ఫోన్ బిల్లు, ఇంటర్నెట్ బిల్లు. చరిత్ర తయారు కావడానికి అవి చాలు.

ఇక నాకు కోపం తెప్పించిన విషయం. కార్డును యాక్టివేట్ చేసిన వెంటనే ఆటో డెబిట్ పెట్టుకోమని యాప్ అడుగుతుంది. అడగడం మంచిదే, కొత్తవారు గడువు మరిచిపోకుండా ఉండటానికి అదే సరైన మార్గం. కానీ ఆ తెర మీద ముందుగానే ఎంపిక చేసి పెట్టింది మొత్తం బిల్లును కాదు, కనీస చెల్లింపును, అంటే ఆలస్యం కింద నమోదు కాకుండా కట్టాల్సిన అతి తక్కువ మొత్తాన్ని. ‘మొత్తం బాకీ’ అన్న ఎంపిక కింద ముడుచుకుని ఉన్న మరో వరుసలో ఉంది, దాన్ని తాకితే తప్ప తెరుచుకోదు. ‘కొనసాగించు’ అన్న బటన్ మాత్రం పచ్చగా, వేలికి అందేచోట ఉంది. మొదటిసారి కార్డు పట్టుకున్న ఇరవై ఏళ్ల కుర్రవాడు ఏం చేస్తాడు? ఆ బటన్ నొక్కి, తన పని అయిపోయిందనుకుంటాడు. ప్రతి నెలా ఖాతాలోంచి డబ్బు పోతుంది, చెల్లింపు విజయవంతమైందని సందేశం వస్తుంది, తాను బిల్లు కడుతున్నాననే నమ్ముతాడు.

ఆ నమ్మకానికి అయ్యే ఖర్చును లెక్క వేద్దాం. బాకీ 10,000 రూపాయలు, కనీస చెల్లింపు అందులో 5 శాతం, అంటే 500 అనుకుందాం. ఇలాంటి కార్డుల్లో నెలకు 3.5 శాతం వడ్డీ అసాధారణమేమీ కాదు. సుమారుగా 350 రూపాయలు వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 63 రూపాయలు, మొత్తం 413. మీరు కట్టిన 500లో అసలుకు జమ అయ్యేది 87 రూపాయలు. అంతటితో ఆగదు. మొత్తం బిల్లు కట్టని నెల నుంచి వడ్డీ లేని గడువు కూడా పోతుంది కాబట్టి, కొత్తగా కొన్న ప్రతి వస్తువు మీదా కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. మరోవైపు డిపాజిట్ మీద బ్యాంకు మీకిచ్చే వడ్డీ సంవత్సరానికి ఆరేడు శాతం. మీ సొంత డబ్బును హామీగా పెట్టి, దాని మీద ఏడాదికి వచ్చేదాన్ని రెండు నెలల్లో తిరిగి ఇచ్చేస్తున్నారన్నమాట. కనీస చెల్లింపు మాత్రమే చేస్తూ పోతే బాకీ తీరడానికి నెలలు, సంవత్సరాలు పట్టవచ్చన్న హెచ్చరికను బిల్లుల మీద ముద్రించాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఈ బ్యాంకు బిల్లు మీద కూడా ఆ వాక్యం ఉంది. బిల్లు మీద హెచ్చరించి, యాప్‌లో అదే దారికి తోయడాన్ని నేను పొరపాటు అనలేను.

కనీస చెల్లింపు చేస్తే స్కోరు దెబ్బతినదు కదా అని అడుగుతారు. ఆలస్యంగా నమోదు కాదు, నిజమే. కానీ బాకీ పేరుకుపోయి లిమిట్‌లో వాడుకున్న శాతం పైపైకి వెళ్తుంది, ఇందాక ముందుగా కట్టడానికి పడిన శ్రమంతా వృథా అవుతుంది. అంతేకాదు, డిపాజిట్ ఉంది కదా, కట్టకపోయినా బ్యాంకే దానిలోంచి తీసుకుంటుందిలే అన్న ధీమా ఇంకా ప్రమాదకరం. బ్యాంకు తన డబ్బును తీసుకుంటుంది, మీ ఆలస్యాన్ని కూడా నమోదు చేస్తుంది. గడువు దాటి మూడు రోజులకు మించితేనే ఆలస్యంగా నివేదించాలన్న వెసులుబాటు నిబంధనల్లో ఉంది, ఆ తర్వాత పడిన మచ్చ సిబిల్ నివేదికలో 36 నెలల చెల్లింపుల వరుసలో కనిపిస్తూనే ఉంటుంది.

పాయింట్ల గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. ఉన్నాయి, చాలా తక్కువ, వాటి కోసం ఈ కార్డు తీసుకోనవసరం లేదు. కార్డు రంగు బాగుంది.

రివార్డ్ కార్డుకు ఎప్పుడు దరఖాస్తు చేయాలన్న ప్రశ్నకు నా సమాధానం, ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఒక్క ఆలస్యం కూడా లేకుండా నడిపిన తర్వాత. ముందుగా మీ నివేదికను మీరే చూసుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి, మీరు చూసుకున్నంత మాత్రాన స్కోరు తగ్గదు. మీరు దరఖాస్తు చేసినప్పుడు బ్యాంకు చూస్తే మాత్రం అది విచారణగా నమోదవుతుంది. అందుకే ఒక వారంలో నాలుగు బ్యాంకులకు దరఖాస్తు పెట్టడం, మొదటిది కాదంటే కోపంతో రెండోదానికి వెళ్లడం మానుకోవాలి. మీకు ఇప్పటికే పొదుపు ఖాతా ఉన్న బ్యాంకు తనంతట తాను ఇస్తానంటున్న కార్డుతో మొదలుపెట్టండి. అది వచ్చిన ఉత్సాహంలో డిపాజిట్ కార్డును మూసేయకండి, మీ చరిత్రలో వయసున్న ఖాతా అదొక్కటే. డిపాజిట్ సొమ్ము తప్పనిసరిగా కావాలంటే, రెండో కార్డుకు కూడా కొంత చరిత్ర ఏర్పడ్డాక మూసేయండి. ఏ బాకీ లేని కార్డును మూయమని అడిగిన ఏడు పనిదినాల్లో మూయకపోతే, బ్యాంకు రోజుకు 500 రూపాయల చొప్పున మీకు చెల్లించాల్సి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

మరి తీసుకోవాలా? బిల్లుకు ముందే చెల్లించే ఆ సౌకర్యం కోసం కళ్లు మూసుకుని సిఫారసు చేసేవాణ్ని. ఆ ఆటో డెబిట్ తెర వల్ల అలా చేయలేకపోతున్నాను. మీ కోసమే అయితే తీసుకోండి, యాక్టివేట్ చేసిన రోజే ముడుచుకున్న ఆ వరుసను తెరిచి ‘మొత్తం బాకీ’ని ఎంచుకోండి, మొదటి బిల్లు తర్వాత ఖాతాలోంచి పోయిన మొత్తం బిల్లుతో సరిపోయిందో లేదో చూడండి. ఇంట్లో కొత్తగా సంపాదన మొదలుపెట్టిన తమ్ముడికో చెల్లెలికో ఇప్పిస్తున్నట్టయితే, పక్కన కూర్చుని ఆ తెరను మీరే దాటించగలిగితేనే ఇప్పించండి, లేదంటే మొత్తం బిల్లును ముందుగా ఎంపిక చేసి ఉంచే వేరే బ్యాంకు కార్డు చూడండి, అలాంటివి ఉన్నాయి. ఈ ఫిర్యాదును తెర చిత్రాలతో సహా బ్యాంకుకు రాతపూర్వకంగా పంపాను. వారు ఆ ఎంపికను మారిస్తే ఈ వీడియో వివరణలో మొదటి పంక్తిగా ఆ విషయం చేరుస్తాను, మార్చనంతకాలం ఆ చోట ‘మొత్తం బాకీ’ని ఎలా ఎంచుకోవాలో చెప్పే సూచనలే ఉంటాయి.