టెర్రియర్: తేలికైన ఇంజను, దీర్ఘమైన ఆయుష్షు

సభకు నమస్కారం. పొగబండి అనగానే బొగ్గును, నీటిని వెనక టెండరు అనే బండిలో మోసుకుపోయే భారీ ఇంజనే మన కళ్ళ ముందు కదులుతుంది. నేడు నేను మాట్లాడబోయేది టెండరు లేని ఇంజను గురించి. బాయిలరుకు ఇరువైపులా నీటి తొట్లు బిగించి, కాస్తంత బొగ్గు వెనక పోసుకుని నడిచే ఇటువంటి ఇంజన్లను ట్యాంకు ఇంజన్లు అంటారు. వాటిలో ఇంగ్లండు దక్షిణ తీరంలో పుట్టినది టెర్రియర్ తరగతి.

లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వేకు ఇంజనీరుగా ఉన్న విలియం స్ట్రౌడ్లీ 1872 నుండి 1880 వరకు బ్రైటన్ కర్మాగారంలో ఇటువంటివి 50 తయారు చేయించాడు. ఆరు చక్రాలు, ఒక్కొక్కటి 4 అడుగుల వ్యాసం. బరువు సుమారు 27 టన్నులు. లండన్ శివార్లలోను, థేమ్స్ నది కింది సొరంగం గుండా సాగే మార్గంలోను పలుచని పట్టాలపై తరచుగా ఆగుతూ నడవడానికి ఆ బరువే తగినది. పొగగొట్టం నుండి వెలువడే శబ్దం టెర్రియర్ జాతి కుక్క మొరిగినట్టుండటంతో జనం టెర్రియర్ అని పిలిచారు. స్ట్రౌడ్లీ మాత్రం స్టెప్నీ, పాప్లర్, ఫెన్‌చర్చ్ అంటూ ఊళ్ళ పేర్లూ పేటల పేర్లూ పెట్టి, బంగారు పసుపు రంగు వేయించి, ఆ రంగుకు ‘మెరుగైన ఇంజను ఆకుపచ్చ’ అని పేరు పెట్టాడు! 1878 పారిస్ ప్రదర్శనలో వీటిలో ‘బ్రైటన్’ అనే ఇంజను బంగారు పతకం గెలుచుకుంది.

శివారు రైళ్ళు పొడవైన కొద్దీ పెద్ద ఇంజన్లు రావడంతో టెర్రియర్లకు ఆ పని పోయింది. కొన్ని తుక్కుకు, కొన్ని అమ్మకానికి పోయాయి. అయితే బలహీనమైన వంతెనలు, నాసిరకం పట్టాలు ఉన్న చిన్న శాఖామార్గాలకు బరువైన ఇంజను పనికిరాదు గనుక, పెద్ద దారులలో కొరగాని ఆ తేలికదనమే అక్కడ వీటికి ప్రాణం పోసిందని నేను భావిస్తాను. 1911 నుండి కొన్నిటికి కొత్త బాయిలరు అమర్చి ఏ1ఎక్స్ అని వ్యవహరించారు.

ఒక్క ఇంజను చరిత్ర చూస్తే ఈ మాట స్పష్టమవుతుంది. 1876లో ‘న్యూయింగ్టన్’గా పుట్టిన ఇంజనును 1903లో మరొక రైల్వే లైమ్ రీజిస్ శాఖ కోసం కొన్నది. తరువాత అది దక్షిణ తీరానికి ఆవల ఉన్న వైట్ దీవికి చేరి ‘ఫ్రెష్‌వాటర్’ అయింది. 1949లో ప్రధాన భూభాగానికి తిరిగి వచ్చి హేలింగ్ దీవి మార్గంలో పని చేసింది. అక్కడ లాంగ్‌స్టన్ వద్ద సముద్రపు పాయ మీది కొయ్య వంతెన బరువైన ఇంజన్లను మోయలేకపోవడం వల్ల, తొంభై ఏళ్ళకు చేరువైన ముసలి ఇంజన్లే 1963 వరకు వేసవి ప్రయాణికులను చేరవేశాయి. ఆ వంతెన మరమ్మతుకు ఖర్చు ఎక్కువని ఆ ఏడాది నవంబరులో మార్గమే మూసివేశారు. వంతెనే వాటిని నిలిపింది, వంతెనే వాటికి సెలవిచ్చింది.

50లో 10 నేటికీ ఉన్నాయి. సెలవులు గడిపే విడిది శిబిరాలు నడిపిన బట్లిన్స్ సంస్థ కొన్న మార్టెల్లో, నోల్, న్యూపోర్ట్ అనే ఇంజన్లు ఒకప్పుడు ఆ శిబిరాల బయట అలంకారంగా నిలబడ్డాయి. స్టెప్నీ 1960లో బ్లూబెల్ రైల్వేకు చేరి, ఆ ఏడాదే ఔత్సాహికులు తెరిచిన ఆ మార్గంలో రైళ్ళు లాగింది; 1872 నాటి ఫెన్‌చర్చ్ 1964లో దానికి తోడైంది. బాక్స్‌హిల్ యార్క్ జాతీయ మ్యూజియంలో, వాడన్ కెనడాలోని క్విబెక్‌లో ఉన్నాయి. బాడియం, నోల్ కెంట్ అండ్ ఈస్ట్ ససెక్స్ మార్గంలో కనిపిస్తాయి.

ఫ్రెష్‌వాటర్ హేలింగ్ దీవిలోనే ‘హేలింగ్ బిల్లీ’ అనే పానశాల ముందు 1966 నుండి ఎండకూ వానకూ నిలబడింది. 1979లో దానిని మళ్ళీ వైట్ దీవికి తరలించి బాగుచేశారు. పారిస్ పతకం గెలిచిన ‘బ్రైటన్’, న్యూపోర్ట్ అన్న కొత్త పేరుతో, అప్పటికే అక్కడికి చేరి ఉంది.