సాఫ్ట్‌వేర్ ఏఎంసీ: కట్టాలా, ఆపేయాలా?

శ్రోతలకు నమస్కారం.

కొట్టులో కంప్యూటర్ మీద బిల్లులు వేసే ప్రతి వ్యాపారికీ ఏడాదికోసారి ఒక ఫోన్ వస్తుంది. "సార్, మీ సాఫ్ట్‌వేర్ ఏఎంసీ, అదే ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం, ఈ నెలాఖరుతో అయిపోతోంది, రెన్యువల్ చేసేయమంటారా?" అని. అప్పటికి కౌంటర్ దగ్గర బేరం నడుస్తుంటుంది, బయట ఆటోలోంచి సరుకు దిగుతుంటుంది. "కట్టకపోతే జీఎస్టీ ప్రాబ్లం వస్తుంది సార్" అని అవతలి మనిషి ఒక్క మాట అనేసరికి టెన్షన్ పడి అక్కడికక్కడే డబ్బు పంపించేసేవాళ్లు కొందరు. "పోయినేడు కట్టి ఏం బావుకున్నాం" అని విసుక్కుని ఫోన్ పెట్టేసేవాళ్లు కొందరు. ఆ ఫోన్‌లో తేల్చాల్సిన విషయం కాదు ఇది. ఈ డబ్బు దేనికి, కట్టకపోతే మర్నాటి నుంచి నాకు ఏది ఆగిపోతుంది? ముందు ఇది తెలుసుకోవాలి.

మన ఊళ్లలో లెక్కల సాఫ్ట్‌వేర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ట్యాలీ. 1986లో మొదలైన బెంగళూరు కంపెనీ అది. ఒక్క కంప్యూటర్‌లో వాడుకునే సిల్వర్ లైసెన్సు కొన్నేళ్లుగా 22,500 రూపాయలు, ఏటా రెన్యువల్ 4,500. దాని మీద 18 శాతం జీఎస్టీ 810 రూపాయలు కలిపితే 5,310. అంటే కొన్న ధరలో ఐదో వంతు ఏటా కడుతున్నట్టు. ఐదేళ్లు తిరిగేసరికి ఇంకో లైసెన్సు కొన్నంత అవుతుంది. చిన్న కొట్టుకు ఇది చిన్న మొత్తమేమీ కాదు.

అయితే ఇలాంటి లైసెన్సు శాశ్వతం. రెన్యువల్ కట్టకపోయినా సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది, బిల్లు వస్తుంది, పాత లెక్కలు కనిపిస్తాయి. ఆగిపోయేవి రెండు: ఆ తర్వాత వచ్చే కొత్త వెర్షన్లు, ఆన్‌లైన్‌తో ముడిపడిన సేవలు. సాఫ్ట్‌వేర్‌లోంచే నేరుగా ఈ-ఇన్‌వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు, తీయడం లాంటివి ఈ రెండో రకం కిందికి వస్తాయి.

ఇప్పుడు మార్కెట్‌లో ఇంకో రకం కూడా ఉంది. అందులో మనం కొన్నదేమీ ఉండదు, ఏడాది అద్దె కడతాం, అంతే. గడువు దాటిన రోజు కొత్త బిల్లు వేయనివ్వదు. కొన్నిట్లో మన పాత లెక్క మనం చూసుకోవడానికి కూడా వీలుండదు. ఈ రెండింటినీ వాడుకలో "ఏఎంసీ" అనే ఒకే మాటతో పిలుస్తున్నారు కాబట్టి, మీ దగ్గరున్నది ఏ రకమో ముందు తేల్చుకోండి. అద్దె రకమైతే కట్టడమా మానడమా అన్న ప్రశ్నే లేదు. ఉంచుకోవడమా, మారిపోవడమా అన్నదే ప్రశ్న.

ఇక ఆ "జీఎస్టీ ప్రాబ్లం" సంగతి. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి. సిమెంటు 28 నుంచి 18 శాతానికి దిగింది, చాలా మందులు 12 నుంచి 5కి వచ్చాయి. రేటు మారడానికి కొత్త వెర్షన్ కావాలా? చాలా సాఫ్ట్‌వేర్లలో అక్కర్లేదు. ఐటం తెరిచి, పన్ను రేటు దగ్గర 28 తీసి 18 కొట్టి, ఏ తేదీ నుంచో ఇస్తే సరిపోతుంది. సిమెంటు కొట్టులో ఆ పని టీ తాగేలోపు అవుతుంది. మెడికల్ హోల్‌సేల్‌లో ఐటంలు వేలల్లో ఉంటాయి కాబట్టి అక్కడ రోజులు పట్టొచ్చు. అయినా అది చేతికి పని తప్ప, వెర్షన్ పాతదైనందుకు ఆగిపోయే పని కాదు.

అసలు దెబ్బ రిటర్న్ ఫారం మారినప్పుడు తగులుతుంది. అమ్మకాల వివరాలిచ్చే రిటర్న్ జీఎస్టీఆర్-1. 2025 మే నెల రిటర్న్ నుంచి అందులో హెచ్ఎస్ఎన్ వివరాలను, అంటే సరుకు కోడ్ వారీ లెక్కను, రెండు ముక్కలు చేశారు. జీఎస్టీ నంబరున్న వ్యాపారికి అమ్మినది వేరు, మామూలు కొనుగోలుదారుకు అమ్మినది వేరు. పాత వెర్షన్ ఆ వివరాలను ఒకే పట్టికగా ఇస్తుంది. పోర్టల్‌కు కావలసింది రెండు. అప్పుడు అకౌంటెంట్ ఆ నెల బిల్లులన్నీ ఎక్సెల్‌లో పోసి, ఎవరికి నంబరుందో ఎవరికి లేదో విడదీసుకుంటూ కూర్చోవాలి. రిటర్న్ గడువు 11వ తేదీ నెత్తిమీద ఉంటుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆఫ్‌లైన్ టూల్ ఉచితంగానే దొరుకుతుంది, అందులో నింపి పంపొచ్చు. నెలకు ముప్పై నలభై బిల్లులైతే ఆ దారి బాగానే ఉంటుంది. వందల్లో ఉంటే మాత్రం అకౌంటెంట్ పడే ఆ శ్రమకు 5,310 చాలా చవక. నా మాట అడిగితే, ప్రతి నెలా జీఎస్టీఆర్-1 వేసే వ్యాపారి, బిల్లులు బాగా ఉన్న వ్యాపారి, రెన్యువల్ ఆపకూడదు. టర్నోవర్ 5 కోట్లు దాటితే 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి కాబట్టి వాళ్లకైతే ఆలోచించే పనే లేదు.

కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే స్కీములో, ఉన్న కొట్టు సంగతి వేరు. వాళ్లు బిల్లులో పన్ను విడిగా చూపించరు, జీఎస్టీఆర్-1 వేయరు. మూడు నెలలకోసారి పన్ను కట్టి, ఏడాదికొక రిటర్న్ వేస్తారు. కట్టిన 810 రూపాయల జీఎస్టీకి క్రెడిట్ కూడా రాదు, అంటే తాము కట్టాల్సిన పన్నులోంచి దాన్ని తగ్గించుకోలేరు. మామూలు స్కీములో ఉన్నవాళ్లకైతే వస్తుంది. పాత వెర్షన్ బాగా నడుస్తున్న కాంపోజిషన్ కిరాణా కొట్టుకు భయపెట్టి రెన్యువల్ అంటగట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. వాళ్లు నిశ్చింతగా ఆపేయొచ్చు.

ఇంకొకటి. మీరు కడుతున్నది కంపెనీకా, డీలర్‌కా? చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. కంపెనీ రెన్యువల్ వేరు, డీలర్ మనిషి వచ్చి రిపేరు చేసి వెళ్లే సర్వీసు వేరు. ఒక్కోసారి రెండూ కలిపి ఒకే అంకె చెప్తారు. రెండూ విడివిడిగా చూపించిన బిల్లు అడగండి. సర్వీసు మనిషి ఏడాదిలో ఎన్నిసార్లు వచ్చాడో, ఫోన్ ఎన్నిసార్లు ఎత్తాడో మీకే తెలుసు కదా. మంచి డీలర్ ఉంటే ఆ డబ్బు సంతోషంగా ఇవ్వండి. నెలాఖరున సర్వర్ మొరాయించినప్పుడు రాత్రి తొమ్మిదికి కూడా వచ్చే కుర్రాడి విలువ వెర్షన్ నంబర్ల కంటే ఎక్కువ.

ఈ తగువు చిన్న కొట్లదే అనుకోకండి. జర్మనీ సాఫ్ట్‌వేర్ కంపెనీ శాప్ 2008లో ఏటా వసూలు చేసే మెయింటెనెన్స్‌ను లైసెన్సు ధరలో 17 నుంచి 22 శాతానికి పెంచబోతే, పెద్ద పెద్ద కంపెనీలే కలిసి గట్టిగా అభ్యంతరం చెప్పాయి. చివరికి 2010లో తక్కువ ధర సపోర్టును మళ్లీ ఇవ్వాల్సి వచ్చింది. అడిగితే తగ్గుతుందని వాళ్లకు తెలుసు. మనం అడగం, అంతే.

ఆపేద్దామనుకుంటే రెండు ప్రశ్నలు ముందే వేయండి. రెండేళ్ల తర్వాత మళ్లీ కావాలంటే ఆ ఏడాదికే కట్టాలా, ఎగ్గొట్టిన ఏళ్లకు కూడా కట్టాలా? కొన్ని కంపెనీలు వెనకటి బాకీ మొత్తం వసూలు చేస్తాయి. రెండోది, కంప్యూటర్ మారిస్తే ఈ పాత వెర్షన్ కొత్తదాంట్లో ఎక్కుతుందా? విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి చాలా కొట్లలో కంప్యూటర్ మార్చాల్సిన రోజు దగ్గరపడింది.

వేరే సాఫ్ట్‌వేర్‌కు మారేవాళ్లకు ఇంకా జాగ్రత్త కావాలి. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు భద్రంగా ఉంచాలి. 2024-25 లెక్కల వార్షిక రిటర్న్ గడువు 2025 డిసెంబర్ 31. అంటే 2031 డిసెంబర్ దాకా ఆ పుస్తకాలు చూపించగలగాలి. బ్యాకప్ ఫైలు ఒక్కటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే చాలదు, దాన్ని తెరిచే సాఫ్ట్‌వేరే లేకపోతే అది ఎందుకూ పనికిరాదు. లెడ్జర్లు, డే బుక్, స్టాక్ రిజిస్టర్ ఎక్సెల్‌లోకీ పీడీఎఫ్‌లోకీ తీసి, ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూసుకోండి. మార్పు కూడా ఏప్రిల్ 1నే పెట్టుకోండి. ఓపెనింగ్ బ్యాలెన్సులు ఎక్కిస్తే చాలు, ఏడాది మధ్యలో సగం లెక్క అక్కడా సగం ఇక్కడా ఉండదు.

సెలవు. నమస్కారం.