బ్యాకప్ సక్సెస్ అని వచ్చిన మెయిళ్లు

ప్రిన్సిపాల్ గారికి, లెక్చరర్లకు, వెనక వరుసలో అప్పుడే ఫోన్లు బయటికి తీసిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. తిరుపతి ఏప్రిల్ ఎండ కదా, తీసి కుర్చీ మీద పెట్టాను, ఏమీ అనుకోకండి.

క్లౌడ్ ఉద్యోగాల గురించి మాట్లాడమన్నారు. స్లైడ్లు తెచ్చాను. వాటికంటే ముందు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ సంగతి చెప్పాలి.

చిత్తూరు దగ్గర, పేరెందుకు లెండి. తోతాపురి సీజన్, గేటు బయట రోడ్డు పొడవునా ట్రాక్టర్లు, కాటా ఎక్కిన ప్రతి బండి బరువూ మా సర్వర్‌లోకే. అందులో నాలుగు డిస్కులతో రెయిడ్ 5, అంటే ఒకటి పోయినా పని ఆగదు. ఆ ఒకటీ ఎప్పుడో పోయింది. ఊడ్చే ఆమె చెప్పింది కూడా, "సార్, ఆ పెట్టెలో ఒక లైటు రంగు మారింది సార్" అని. "చూస్తాంలేమ్మా" అన్నాను. రెండో డిస్కు పోయిన రోజు ఆ మాట గుర్తొచ్చింది.

మేనేజర్ అడిగాడు, "బ్యాకప్ ఉంది కదా?" ఉంది సార్, రోజూ రాత్రి సక్సెస్ అని మెయిల్ వస్తోంది అన్నాను. తెరిచి చూస్తే అన్నీ పది నెలల కిందటి ఫైళ్లు! డేటాబేస్‌ను కొత్త డ్రైవ్‌కు మార్చింది నేనే, బ్యాకప్ జాబ్‌లో ఆ దారి మార్చనిదీ నేనే. పాపం అది పాత ఫోల్డర్‌నే రోజూ శ్రద్ధగా కాపీ చేసి, సక్సెస్ అని చెబుతోంది.

నాలుగు రోజులు రైతుల చీటీలు చూసి టైపు చేశాం. చొక్కా జేబుల్లోంచి తీసిన చీటీలు, చెమటకు తడిసి, మామిడి సొన అంటుకుని, ఒకదానికొకటి అతుక్కుపోయి. ఒక పెద్దాయన వచ్చి, "నా చీటీ ఉతుకులో పోయింది నాయనా, మీ కంప్యూటర్లో ఉంటుంది కదా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. చివరికి కాటా గుమస్తా సొంతంగా రాసుకునే నోటుబుక్కులో ఆయన బండి నంబరు దొరికింది.

రిపోర్టులో మాత్రం 'హార్డ్‌వేర్ ఫెయిల్యూర్' అని రాశారు. నేను కిమ్మనలేదు. ఆ సిగ్గు ఇంకా ఉంది.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు సర్వర్‌లోనే డేటా తుడిచేశాడు. తేరుకునేసరికి దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. రోజువారీ డంపు, అంటే డేటాబేస్ మొత్తానికి తీసే కాపీ, సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల అవకుండానే ఆగిపోతోంది, ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లేమో ఎవరికీ చేరలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పనికి తీసిన స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి డేటా ఎలా ఉందో అలాగే తీసిన నకలు, కాపాడింది. వాళ్లు ఇదంతా దాచకుండా బయటపెట్టారు, రిపేరు పనిని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. మేమేమో ఫ్యాక్టరీ గేటు దాటనివ్వలేదు.

ఫోన్‌లో ఫోటోలు బ్యాకప్ ఉన్నవాళ్లు చేతులెత్తండి. సరే, అందరూ ఎత్తారు. అందులోంచి ఒక్క ఫోటో అయినా వేరే ఫోన్‌లోకి తెచ్చి చూసినవాళ్లు? చూశారా, అన్ని చేతులూ దిగిపోయాయి.

స్లైడ్లు మీ సార్‌కు పంపిస్తాను, చదువుకోండి. నా రైలు రేణిగుంటలో రాత్రికి, బోలెడు టైముంది. మీ ల్యాబ్ సర్వర్ చూసే అబ్బాయి ఎవరు? రా నాయనా, భయపడొద్దు. నిన్నటి బ్యాకప్‌లోంచి ఒక్క ఫైలు, ఏదైనా సరే, వేరే కంప్యూటర్‌లోకి తెచ్చి తెరువు. ఎంతసేపు పడుతుందో గడియారం నేను చూస్తాను.