అరచేతిలో బాతుపిల్ల

అందరికీ నమస్కారం. నా తప్పుతోనే మొదలుపెడతాను. నేను పెంచిన వాటిలో మొట్టమొదట పోయిన బాతుపిల్ల ఆకలితో పోలేదు, రోగంతోనూ పోలేదు. నేను తాగించిన నీళ్లతో పోయింది. గుడ్డులోంచి బయటికి వచ్చి నాలుగైదు గంటలైంది. తోటి పిల్లలన్నీ నూగు ఆరి బొద్దుగా తిరుగుతుంటే, ఇది ఒక మూల తడిసిన దూదిలా పడి ఉంది. పాదాలు ముట్టుకుంటే చల్లగా తగిలాయి. నీరసం అనుకుని చుక్కల మందు గొట్టంతో చక్కెర నీళ్లు నోట్లో పోశాను. గుటక వేసినట్టే అనిపించింది. రెండుసార్లు తల విదిలించింది. ముక్కు చివర చిన్న బుడగ కనిపించింది. అంతే.

ఆ బుడగ ఎక్కడిదో చాలా కాలం తరువాత తెలిసింది. పక్షి నోరు తెరిచి చూస్తే నాలుక మొదట్లో ఒక చిన్న చీలిక ఉంటుంది. అదే శ్వాసనాళం ద్వారం. మనకు మింగేటప్పుడు దాన్ని కప్పే మూత ఉంటుంది, పక్షులకు అది లేదు. ఒళ్లు చల్లబడిన పిల్లకు సరిగా మింగే ఓపిక కూడా ఉండదు. మనం పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒకవేళ కడుపులోకి పోయినా, చల్లబడిన పేగులు వాటిని అరిగించుకోలేవు.

అందుకే నీరసంగా ఉన్న పిల్ల కనబడగానే మీ చేతులు మేత మీదికి, మందు మీదికి పోకూడదు. వేడినిచ్చే దీపం మీదికి పోవాలి. ముందు వెచ్చదనం, తరువాత నీళ్లు, ఆ తరువాతే తిండి. ఈ వరుస తప్పితే మన ప్రేమే దాని ప్రాణం మీదికి తెస్తుంది. ఆకలితో చచ్చిపోతుందేమోనన్న కంగారు అక్కరలేదు. గుడ్డు పగలడానికి కొద్దిగా ముందు పచ్చసొన పిల్ల కడుపులోకి చేరుకుంటుంది. ఆ సద్దిమూటతో ఒక రోజు పైగానే గడుస్తుంది.

మొదటి వారం పిల్ల పడుకునే చోట సుమారు 32 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటరును పెట్టె గోడకు తగిలించడం కాదు, పిల్ల వీపు ఎత్తులో పెట్టి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు వేడెక్కితే అదే పక్కకు జరుగుతుంది. జబ్బుపిల్ల జరగలేదు. నోరు తెరిచి రొప్పుతుంటే దీపం పైకి ఎత్తవలసింది మనమే. ఒళ్లు వెచ్చబడి, తల నిలబెట్టి, కీచుమని అరిస్తే అప్పుడు నీళ్ల సంగతి. అప్పుడు కూడా నోట్లో పోయకండి. గోరువెచ్చని నీటిలో వేలు ముంచి, ఆ చుక్కను ముక్కు అంచుకు తాకించండి. తాగగలిగిన పిల్ల తనంతట తానే చప్పరిస్తుంది.

పిల్ల తేరుకున్నాక అరచేతిలో వెల్లకిలా పట్టుకుని పొట్ట చూడండి. బొడ్డు ఎండి మూసుకుపోయి ఉంటే మంచిది. సొన కొంత బయటే మిగిలిపోయి ఉంటే దాన్ని లాగకండి, కత్తిరించకండి, లోపలికి నెట్టకండి. శుభ్రమైన తడి గుడ్డ మీద, చీకటిగా, వెచ్చగా, ఒంటరిగా ఉంచితే చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో తనంతట తానే లోపలికి పోతుంది. బొడ్డు చుట్టూ ఎర్రగా వాచి, పొట్ట మెత్తగా ఉబ్బి, దుర్వాసన వస్తుంటే అది చీము పట్టడం. ఇంటి వైద్యంతో తగ్గదు. పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి, అదీ ఆ రోజే.

ఇక్కడ ఒక్క మాట. సొన బయట ఉండిపోయిన పిల్లల్లో చాలావాటికి ఆ గతి పట్టించేది మనమే. బాతుగుడ్లు పగలడానికి 28 రోజులు పడుతుంది, మస్కోవీ జాతికైతే 35. పెంకుకు మొదటి చిల్లు పడ్డాక పిల్ల బయటికి రావడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పట్టవచ్చు. ఆ వ్యవధిలో అది ఊరికే ఉండదు. పెంకు లోపలి పొరలోని రక్తాన్ని, మిగిలిన సొనను ఒంట్లోకి లాక్కుంటూ ఉంటుంది. మనం జాలిపడి పెంకు ఒలిస్తే రక్తం కారుతుంది, సొన బయటే ఉండిపోతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఇక కాళ్లు. నన్ను ఎక్కువమంది అడిగేది వీటి గురించే, కనుక కాస్త నిదానంగా చెబుతాను. కాళ్ల జబ్బులన్నీ పైకి ఒకలాగే కనబడతాయి కానీ, రెండు ముఖ్యమైన వాటిని విడదీసి చూడాలి.

ఒకటి, కాళ్లు రెండు పక్కలకూ జారిపోయి పిల్ల పొట్ట మీద చతికిలబడటం. చాలాసార్లు కారణం పరుపే. వార్తాపత్రిక పరిచిన పెట్టెలో పిల్ల నడవబోతే ఒక్కొక్క అడుగూ జారుతుంది. కాగితం తీసేసి గరుకైన తువ్వాలో రబ్బరు చాపో వేయండి. తరువాత, తనకు తానే అంటుకునే మెత్తని బ్యాండేజీ పట్టీని సెంటీమీటరు వెడల్పున కత్తిరించి, రెండు కాళ్లను సంకెలలా కలపాలి. పిల్ల మామూలుగా నిలబడితే పాదాల మధ్య ఎంత దూరం ఉంటుందో అంతే వదలాలి. పట్టీ కింద అగ్గిపుల్ల దూరేంత సందు ఉండాలి. పాదం వాచినా, రంగు మారినా వెంటనే విప్పి వదులుగా కట్టాలి. రోజూ విప్పి చూడండి. మొదటి రెండు మూడు రోజుల్లోనే మొదలుపెడితే, వారం తిరగకముందే చాలా పిల్లలు నిలబడతాయి. ఎముకలు గట్టిపడ్డాక కడితే అంత ఫలితం ఉండదు.

రెండోది మోసకారిది. పిల్ల మొదట బాగానే నడుస్తుంది. కొన్ని రోజుల తరువాత కాలి మధ్య కీలు ఉబ్బుతుంది, కాళ్లు విల్లులా వంగుతాయి, నాలుగడుగులు వేసి కూలబడుతుంది. దీనికి కట్టు పనిచేయదు, ఎందుకంటే లోపం తిండిలో ఉంది. బాతుపిల్ల దాణాలో కిలోకు 55 మిల్లీగ్రాముల నియాసిన్, అంటే బి3 విటమిన్ ఉండాలి. కోడిపిల్లకు 35 చాలు. కోడి తిన్న మాంసకృత్తుల నుంచి కొంత నియాసిన్ తయారుచేసుకుంటుంది, బాతుకు ఆ సామర్థ్యం బాగా తక్కువ. అంటే కోడిపిల్లల దాణాతో బాతుపిల్ల కడుపు నిండుతుంది, కాళ్లు మాత్రం నిలవకపోవచ్చు. కిలో దాణాకు సుమారు 50 గ్రాముల బ్రూవర్స్ ఈస్ట్ పొడి, అంటే బీరు తయారీలో వాడే ఈస్ట్‌ను ఎండబెట్టిన పొడి కలిపితే ఆ లోటు చాలావరకు తీరుతుంది. అప్పటికే కూలబడ్డ పిల్లకు ఇది సరిపోదు, ఎంత మోతాదులో నియాసిన్ ఇవ్వాలో వైద్యుడే చెప్పాలి. మెడ మెలితిరిగి ఆకాశం చూస్తున్న పిల్లకు విటమిన్ ఇ లోపం ఉండవచ్చు, దెబ్బ తగిలి ఉండవచ్చు. దాన్నీ వైద్యుడికే చూపించండి.

చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు. బాతుపిల్లకూ నేర్పక్కరలేదు, కానీ ఆపవలసి వస్తుంది. తల్లి కింద పొదిగిన పిల్ల నూగుకు తల్లి రెక్కల నూనె అంటుతుంది. గుడ్లు పొదిగే యంత్రంలో పుట్టినదానికి ఆ రక్షణ లేదు. తొట్టిలో వదిలితే నీరు పీల్చుకుని వణికిపోతుంది. జబ్బుపిల్లకైతే అదే చివరి స్నానం. అలాగని పళ్లెంలో పలుచగా నీళ్లు పోస్తే చాలదు. ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు లేకపోతే అవి మేతతో పూడుకుపోతాయి, కళ్లు పుసికడతాయి. మూతికి లోతు కావాలి, ఒంటికి అక్కరలేదు. లోతు గిన్నెలో గులకరాళ్లు వేస్తే రెండూ కుదురుతాయి.

చివరగా ఒంటరితనం. కట్టు కట్టిన పిల్లను వేరే పెట్టెలో పెడితే రాత్రంతా అరుస్తుంది, అలా అరిచి అరిచి మేత మానేస్తుంది. మిగతావి పొడుస్తాయన్న భయం ఉంటే మధ్యలో వలతెర పెట్టండి, ఒకదానికొకటి కనబడాలి. ఒక్కటే పిల్ల ఉంటే చిన్న అద్దం, ఒక మెత్తని గుడ్డబొమ్మ పెట్టండి. పిల్లను పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, ఎంత ఆరోగ్యంగా కనబడే పిల్లయినా సాల్మొనెల్లా అనే, మనకు విరేచనాలు తెప్పించే బ్యాక్టీరియాను మోసుకు తిరగవచ్చు.

ప్రశ్నలు తరువాత తీసుకుంటాను. ఈ డబ్బాలో మూడు రోజుల పిల్ల ఉంది, నిన్ననే పట్టీ కట్టాను. ఇప్పుడు విప్పి మళ్లీ కడతాను. ముందు వరుసలో ఉన్నవాళ్లు దగ్గరికి రండి, కానీ దీపానికి అడ్డం నిలబడకండి.