తప్పు పట్టేదెవరు?

శ్రోతలకు నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, పై చదువులకొచ్చేసరికి ఇంగ్లీషు పుస్తకం పట్టుకుంటారు. వీళ్లు ఆన్‌లైన్ పాఠాలతో పని నేర్చుకోగలరా? నేర్చుకునేటప్పుడు జరిగే తప్పుని ఎవరు పడతారన్న దాన్నిబట్టి ఉంటుందంటాను.

కోడింగ్‌లో ఒక గుర్తు తప్పితే కంప్యూటరే మొరాయిస్తుంది. మాస్టారు పక్కన లేకపోయినా దిద్దుకోవచ్చు. అకౌంట్లలోనూ ట్రయల్ బ్యాలెన్స్, అంటే డెబిట్, క్రెడిట్ మొత్తాల లెక్క, కుదరకపోతే ఎక్కడో పొరపాటుందని తెలిసిపోతుంది. కుదిరినంత మాత్రాన అంతా సరిగ్గా ఉన్నట్టు కాదు, అది వేరే సంగతి.

వెల్డింగ్ అలా కాదు. రాడ్డు ఇనుముకి మరీ దగ్గరైతే అతుక్కుపోతుంది, దూరమైతే రవ్వలు చిమ్ముతాయి. ఇంతవరకు వీడియో చెబుతుంది. చెయ్యి ఎంత వేగంగా కదలాలో, చప్పుడు ఎలా వస్తే అతుకు సరిగ్గా పడుతున్నట్టో ఇన్‌స్ట్రక్టర్ పక్కన నిలబడి చెప్పాలి. పైకి నున్నగా ఉన్న అతుకు లోపల బోలుగా ఉండొచ్చు. కొత్తగా నేర్చుకునే కుర్రాడికి అది కనిపించదు. నర్సింగ్‌లో ఇంకా టెన్షన్: సూదికి నరం దొరక్కపోతే బాధ రోగిది.

అలాగని వీడియోని తీసిపారెయ్యకండి. క్లాసులో అర్థంకానిది ఇంట్లో ఆపి ఆపి మళ్లీ వినొచ్చు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం. కొన్నిటికి తెలుగు అనువాదం కూడా ఉంది. సర్టిఫికెట్‌కి మాత్రం ఫీజు కట్టి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. మార్కుల్లో ఇంటి దగ్గర చేసే అసైన్‌మెంట్ల వాటా 25 శాతం, ఆ పరీక్షది 75 శాతం. ఇంటి దగ్గర చేసినదాన్ని ఎంతవరకు నమ్మాలో వాళ్లకీ తెలుసు!

2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం, కాలేజీ ఒప్పుకుంటే, సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులు ‘స్వయం’ అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో చేయొచ్చు. థియరీ పేపర్లు అటు పంపి, మిగిలిన గంటల్ని ల్యాబుకి, వర్క్‌షాపుకి ఇస్తే మంచిదే. కొన్నిచోట్ల ల్యాబునే వీడియోగా చూపించి సరిపెట్టేస్తారు. అందుకే పిల్లల్ని చేర్చేముందు వర్క్‌షాపులోకి వెళ్లి చూడండి. ఒక్కో మిషన్ దగ్గర ఎంతమంది నిలబడుతున్నారు, అందులో ఎంతమంది చెయ్యి పెడుతున్నారు, తప్పు చేస్తే ఆపే మనిషి అక్కడ ఉన్నాడా లేడా అన్నది గమనించండి.