ఇత్తడి అడుగున రెండంకెలు

శ్రోతలకు నమస్కారం.

మా మేనమామ సైన్యంలో పనిచేశాడు. డెబ్భైల్లో నాగాలాండ్‌లో ఉన్నప్పుడు, కోహిమా దగ్గర కొండవాలులో ఆయనకి ఒక ఖాళీ తూటా గొట్టం దొరికింది. తెచ్చి షోకేసులో పెట్టాడు. ఇంటికి ఎవరొచ్చినా "జపానువాళ్ళ మీద పేల్చిన తూటా ఇది" అని చేతిలో పెట్టేవాడు. నమ్మకపోవడానికి కారణమూ లేదు. 1944 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ కొండల మీద బ్రిటిష్ ఇండియా సైన్యానికీ జపాను సైన్యానికీ హోరాహోరీగా పోరు సాగింది. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకి ఆ పక్క వాళ్ళు, ఈ పక్క వీళ్ళు. అక్కడి మట్టిలో ఇత్తడి దొరక్కపోతేనే వింత.

ఇలాంటి గొట్టం దొరికితే ముందు స్కేలు పెట్టి కొలవాలి. సుమారు 56 మిల్లీమీటర్ల పొడవుండి, అడుగు అంచు చక్రంలా బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది చాలావరకు బ్రిటిష్ ఇండియా సైన్యం రైఫిల్ తూటా, త్రీ నాట్ త్రీ. మన పోలీసుల నోటా ఎన్‌సీసీ పిల్లల నోటా నలిగిన పేరే. తుపాకీ గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో 303 వేల వంతులు కాబట్టి ఆ పేరు వచ్చింది. అమెరికన్ రైఫిల్‌దైతే 63 మిల్లీమీటర్లుంటుంది, అంచు బయటికి రాదు.

తర్వాత అడుగు చూడాలి. పూనా దగ్గర కిర్కీ ఫ్యాక్టరీలో తయారైతే కే, ఎఫ్ అక్షరాలుంటాయి. బ్రిటిష్ కాలపువాటిలో ఆ రెంటి మధ్య కాకి కాలి ముద్రలాంటి బాణం గుర్తు కనిపిస్తుంది. అది సర్కారు సొత్తు అని చెప్పే ముద్ర. పక్కన తయారైన సంవత్సరం చివరి రెండంకెలు. రోమన్ అంకెల్లో ఏడు ఉంటే, 1910లో ఒప్పుకున్న ఏడో నమూనా తూటా అన్నమాట. ఆ తూటాలో మందు పొడిగా ఉండేది కాదు, సేమ్యా కాడల్లా ఉండేది. దాని పేరు కార్డైట్. ఆ కాడల కట్ట సన్నటి మెడలోంచి పట్టదు. అందుకని ముందు మందు కూరి, ఆ తర్వాతే గొట్టానికి మెడ నొక్కేవారు. మందు నిండిన గొట్టాన్ని యంత్రంలో పెట్టి నొక్కిన ఆ కార్మికుల గుండె ధైర్యానికి దణ్ణం పెట్టాలి.

జపాను సైన్యం 6.5 మిల్లీమీటర్ల రైఫిల్ తూటా సంగతి వేరు. గొట్టం 50 మిల్లీమీటర్ల పైచిలుకు, అడుగున సాధారణంగా ఒక్క అక్షరం కూడా ఉండదు. ఆ బోడి అడుగే దాని ఆనవాలు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. గొట్టం మూతిలో గుండు ఇంకా ఉంటే చెయ్యి పెట్టకండి. అడుగున తుపాకీ సూది కొట్టిన సొట్ట కనిపించినా సరే, పేలలేదనే అర్థం. ఎనభయ్యేళ్ళయినా మందు చచ్చిపోయిందనుకోవద్దు. ఉన్నచోటే వదిలేసి పోలీసులకి చెప్పండి. లైసెన్సు లేకుండా పేలని తూటా ఇంట్లో పెట్టుకోవడం 1959 నాటి ఆయుధ చట్టం కింద నేరం కూడాను.

ఇక మా షోకేసు తూటా. దాని అడుగు మధ్యలో తుపాకీ సూది కొట్టే చిన్న బిళ్ళ, అంటే క్యాప్ చుట్టూ సన్నటి ఊదారంగు గీత ఉండేదట. అది మామూలు తూటా అని చెప్పే రంగు. మంటతో దారి చూపే తూటాకి ఎర్రగీత, కవచం చీల్చేదానికి ఆకుపచ్చ. ఒక సంక్రాంతికి మా అత్తయ్య చెంబులతోపాటు దాన్నీ చింతపండేసి తళతళలాడేలా తోమింది. చిలుముతోపాటు గీతా పోయింది. పాత ఇత్తడి దొరికితే మెత్తటి గుడ్డతో మట్టి తుడవండి, అంతే. చింతపండు జోలికి పోకండి.

పోయినేడు సెలవుల్లో భూతద్దం తీసుకుని దాని అడుగు చదివాను. కే, ఎఫ్. పక్కన అయిదు, ఏడు. మళ్ళీ చదివాను. 57. కోహిమా యుద్ధమయ్యాక పదమూడేళ్ళకి పుట్టిన తూటా! మన సైన్యం అరవైల దాకా త్రీ నాట్ త్రీ వాడింది కదా, ఎప్పుడో ఎవరో పేల్చి ఉంటారు.

"మామయ్యా, ఇది జపానువాళ్ళ నాటిది కాదు" అన్నాను భయపడుతూనే.

ఆయన కళ్ళజోడు సర్దుకుని, భూతద్దం నా చేతిలోంచి తీసుకుని, చాలాసేపు చూశాడు. "ఒరేయ్, మీ అత్తయ్యకి చెప్పకు" అన్నాడు.

మొన్న సంక్రాంతికి వెళ్తే అత్తయ్య కొత్త అల్లుడికి షోకేసు తెరిచి చూపిస్తోంది. మామయ్య పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.