మందు ఎక్కిన రోజుకీ, జుట్టు రాలే రోజుకీ మధ్య

పర్లాఖిమిడి, గునుపూర్, రాయగడ వైపు నుంచి వచ్చిన అమ్మలకూ నాన్నలకూ, బడి మాస్టర్లకూ, ఆశా కార్యకర్తలకూ నమస్కారం.

మీలో కొందరు పిల్లల్ని కాన్సర్ వైద్యానికి గునుపూర్ ప్యాసింజర్ ఎక్కించి విశాఖ తీసుకెళ్తున్నారు, కొందరు కటక్ వెళ్తున్నారు. అక్కడ జుట్టు సంగతి అడిగితే ‘రాలుతుంది, మళ్లీ వస్తుంది’ అంటారు. నిజమే. కానీ ఇంట్లో ఏడుపులన్నీ ఆ రెండు మాటల మధ్యనే ఉంటాయి.

కీమో, అంటే కాన్సర్ మందు, మొదటి డోసు ఎక్కిన రోజునే జుట్టు రాలదు. మామూలుగా రెండు మూడు వారాలు పడుతుంది. మన తలలో నూటికి 85 నుంచి 90 వెంట్రుకలు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి. చకచకా పెరిగే కణాలను కొట్టే మందు జబ్బునీ కొడుతుంది, కుదుళ్లనీ కొడుతుంది. మనకు దొరికేది ఆ రెండు వారాలే. చాలా ఇళ్లలో వాటిని ‘ఇప్పుడే ఎందుకులే’ అని పోగొట్టుకుంటారు. తర్వాత ఒక పొద్దున్న పిల్ల లేచి, దిండు మీద తన జుట్టు తనే చూసుకుంటుంది.

ముందే చెప్పండి. నాలుగైదేళ్ల పిల్లకి ఇంత చాలు: ‘జబ్బు పురుగుని తరిమే మందు జుట్టుని కూడా రాలగొడుతుంది. నొప్పి పుట్టదు. నువ్వు చేసిన తప్పేమీ లేదు. మందు ఆపాక మళ్లీ వస్తుంది.’ ఆ ‘తప్పేమీ లేదు’ అన్న ముక్క వదిలేయకండి. ఆ వయసులో అల్లరి చేసినందుకే ఇలా అయిందనుకునే పిల్లలు ఉంటారు. పదేళ్లు దాటితే కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలు కూడా పోవచ్చని చెప్పాలి. స్టెరాయిడ్ మాత్రలతో మొహం ఉబ్బుతుందని కూడా.

‘తిరపతి మొక్కు’ అని ఊళ్లో చెప్పేస్తే పోతుంది కదా అంటారు. మొక్కు గుండు మూణ్ణెల్లకి నల్లబడుతుంది, ఇది నల్లబడదు. అప్పుడు ఇంకో అబద్ధం వెతుక్కోవాలి, అదీ పిల్ల ఎదురుగా.

ఇక కత్తిరించే పని. జడ ఉన్న ఆడపిల్లకి ఆలస్యం అసలు పనికిరాదు. రాలిన వెంట్రుకలు కింద పడకుండా జడలోనే ఉన్నవాటితో చిక్కుపడి, మెడ వెనక ఉండలా కట్టేస్తాయి. దాన్ని దువ్వెన విడదీయలేదు, లాగితే మాడు మంట. అందుకే రాలకముందే భుజాల దాకా, మొదలయ్యాక ఇంకా పొట్టిగా. జడ దాచుకుంటానంటే పైనా కిందా రబ్బరు బ్యాండ్లు బిగించి, పై బ్యాండుకి పైన కత్తెర వేయండి. తడి పూర్తిగా ఆరాకే నూలు గుడ్డలో చుట్టండి, లేకపోతే బూజు పడుతుంది.

పూర్తిగా తీయాలంటే ట్రిమ్మరే, 3 మిల్లీమీటర్ల దువ్వెన తగిలించి. మంగలి కత్తి వద్దు, బ్లేడు వద్దు. ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు చిన్న గాటుకే రక్తం ఆగదు, తెల్లకణాలు తగ్గినప్పుడు ఆ గాటే చీముకి దారి. ఇంట్లో వేరే ట్రిమ్మర్ ఉంచి, వాడే ముందు స్పిరిట్‌తో తుడవండి. ఆ వారం రక్తపరీక్ష చూసి డాక్టరుని ఒక మాట అడగండి. కొండకి మొక్కు ఉందా? తల గొరిగించడం చికిత్స అయ్యాక పెట్టుకోండి. ఇప్పుడే తీర్చాలంటే మూడు కత్తెరలు ఇచ్చే పద్ధతి మనకి ఉండనే ఉంది.

కత్తిరించాక మిగిలిన ముళ్లలాంటి వెంట్రుకలు రెండు మూడు రోజులు గుచ్చుకుంటాయి. అతుక్కునే టేపుని వేలికి తిరగేసి చుట్టి, మాడు మీద అద్ది ఎత్తండి, రుద్దకండి. గోరువెచ్చని నీళ్లు, పిల్లల షాంపూ చాలు. ఉల్లిరసం, ఘాటు నూనెలు, పేలమందు దగ్గరికి రానీయకండి. పొక్కులు లేస్తే ఆస్పత్రికి చూపించండి. 100.4 డిగ్రీల జ్వరం తగిలితే తెల్లారేదాకా ఆగొద్దు.

టోపీకి పాత బనియన్ గుడ్డని మించింది లేదు. కనుబొమల పైనుంచి చెవుల మీదుగా చుట్టుకొలత తీసి, గుడ్డ సాగుతుంది కాబట్టి రెండు సెంటీమీటర్లు తగ్గించి కత్తిరించండి. కుట్టు బయటికి కనబడాలి, లోపల ఉంటే ఒట్టి మాడుని గీరుతుంది. నాలుగైనా కుట్టండి, మన చెమటకి ఒకటి రెండు చాలవు. విగ్గు అడిగితే కొనండి, అడగకపోతే బలవంతం వద్దు. ఈ ఉక్కకి పది నిమిషాల్లో తీసి విసిరేస్తారు.

తోడుగా నాన్న కూడా గుండు చేయించుకోవడం బాగానే ఉంటుంది, కానీ ముందు పిల్లని అడగండి. మన పక్క మగాడి గుండు చూస్తే ‘ఇంట్లో ఎవరు పోయారు’ అంటారు. ఆ మాట పిల్ల చెవిన పడుతుంది.

మాస్టర్లకి రెండే మాటలు. ప్రార్థనలోనూ క్లాసులోనూ టోపీ ఉండనివ్వండి. ఇది అంటుకునే జబ్బు కాదని పిల్ల రాకముందే క్లాసుకి చెప్పండి. ‘గుండూ’ అని తెలుగులో, ‘లండా’ అని ఒడియాలో అననే అంటారు. ‘మందువల్ల రాలింది, మళ్లీ వస్తుంది’ అన్న జవాబుని అమ్మానాన్నలు రెండు భాషల్లోనూ ఇంట్లోనే పలికించాలి. క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే మాత్రం మాస్టర్లు ఆ రోజే ఈ పిల్ల తల్లిదండ్రులకి కబురు పెట్టండి. ఈ పిల్లలకి అది ప్రాణం మీదికి తెస్తుంది.

రక్తకాన్సర్ పిల్లల తల్లులకి ఇంకొకటి. మధ్యలో కాస్త జుట్టు మొలిచి, మందు మళ్లీ గట్టిగా ఇచ్చే విడతలో రెండోసారి రాలిపోవచ్చు. చెప్పకపోతే జబ్బు తిరగబెట్టిందనుకుని పిల్ల వణికిపోతుంది. తలకి రేడియేషన్ ఇస్తే లెక్క వేరు. ఎక్కువ మోతాదు తగిలిన చోట మళ్లీ రాకపోవచ్చు, ముందే డాక్టరుని అడగండి.

గట్టి మందులు ఆగాక ఒకటి నుంచి మూడు నెలల్లో నూగు కనబడుతుంది. తర్వాత నెలకి సుమారు ఒక సెంటీమీటరు. రంగు మారొచ్చు, ఉంగరాలు తిరగొచ్చు. అప్పుడే పెద్దమ్మలు బయల్దేరతారు, ఒకసారి గొరిగిస్తే ఒత్తుగా వస్తుందని. వెంట్రుక లావు చర్మం కింద కుదుట్లో తేలుతుంది. బ్లేడు కొసని మొద్దుగా కోస్తుందంతే, అందుకే చేతికి గరుగ్గా తగిలి ఒత్తు అనిపిస్తుంది. ఆ నూగుని అలా వదిలేయండి.